బాణలి మీదికి వచ్చాకే నొక్కాలి

మా అత్తయ్య అబద్ధం చెప్పరు. అందువల్ల మెట్టుగూడలో సగం మందికి మా ఇంటి సంగతులన్నీ తెలుసు. ఎవరైనా చుట్టాలొస్తే నన్ను చూపించి, "మా కోడలు. డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరు" అంటారు. ఆ "గెస్టు" అనే మాట మింగేస్తే ఆవిడ సొమ్మేం పోతుందని నా బాధ. రైల్వే బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నిజంలో కాస్త దాచినా మార్కులు కోసేస్తారు.

గెస్టు లెక్చరరంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. స్టాఫ్ రూములో అందరికీ తలా ఒక కుర్చీ ఉంటుంది, మనకి ఉండదు. ఎవరు సెలవు పెడితే ఆ రోజు వాళ్ళ కుర్చీ మనది. పొద్దున్నే కాలేజీలో అడుగుపెడుతూనే ఈ రోజు ఎవరికి జ్వరం వచ్చిందా అని చూసేంతగా దిగజారిపోయాను. కెమిస్ట్రీ మేడమ్ కూతురి పెళ్ళికని నెలరోజులు సెలవు పెడితే, నేను సంతోషించినంతగా ఆ పెళ్ళికొడుకు కూడా సంతోషించి ఉండడు.

పోయిన ఏడాది చలికాలం మొదట్లో మా జీవశాస్త్రం డిపార్ట్‌మెంటులో ఒక రెగ్యులర్ పోస్టు పడింది. వయసు హద్దు చూసుకుంటే నాకు అదే ఆఖరి అవకాశం. అది కూడా పోతే యాప్రాల్‌లో ఒక కోచింగ్ సెంటరువాళ్ళు రమ్మంటున్నారు. అక్కడ పాఠం చెప్పనక్కర్లేదు, నాలుగు జవాబుల్లో ఏది గీకాలో చెబితే చాలు. నాకు పాఠం చెప్పడమంటే పిచ్చి. ఆ పిచ్చి తీరకుండా బతకాలంటే భయం వేసింది.

పోస్టుకి ఇంటర్వ్యూతో పాటు డెమో క్లాసు కూడా ఉంది. పాఠం వాళ్ళే ఇచ్చారు: కణంలో కొత్తగా తయారయ్యే ప్రోటీను పొరల దగ్గరికి ఎలా చేరుతుంది? ఎవరికైనా ముందు తట్టే పోలిక పోస్టు కవరు, పిన్‌కోడు, కొరియరు. మిగతా అభ్యర్థులందరూ అదే చెబుతారని నాకు ముందే తెలుసు. కొరియరు మాట నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మా వీధికి వచ్చే కొరియరు అబ్బాయి ఒక్కసారైనా తిన్నగా మా ఇంటికి వచ్చిన పాపాన పోలేదు. అతన్ని చూపించి కణం గొప్పదనం చెబితే కణానికే అవమానం.

ఇంట్లో నేను ఈ ఆందోళనలో ఉంటే అత్తయ్య తన పని తాను చేశారు. గురువారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది. తలా ఒక ప్రార్థన అంశం చెబుతారు. ఒకరి మోకాలి నొప్పి, ఒకరి అల్లుడి బదిలీ. అత్తయ్య లేచి, "మా కోడలి డెమో క్లాసు. ప్రోటీను పొర దగ్గరికి చేరడం గురించి" అని ఉన్నదున్నట్టు చెప్పారు. వెంటనే ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని గొంతెత్తారు. "ఓ ప్రభువా, నీవు సమస్తమును చేయగలవాడవు. ఆ ప్రోటీను ఎక్కడికి వెళ్ళవలెనో అక్కడికి దానిని క్షేమముగా చేర్చుము. మధ్యలో ఏ ఆటంకమునూ రానియ్యకుము." అందరూ ఆమెన్ అన్నారు. నేను పక్క గదిలో దిండులో మొహం దాచుకున్నాను. మర్నాడు ఆవిడే డజను ఉడికించిన గుడ్లు పంపించారు, అమ్మాయికి నీరసంగా ఉందేమోనని.

ఆ వారంలోనే అత్తయ్య క్రిస్మస్ పిండివంటలు మొదలుపెట్టారు. మా ఇంట్లో జంతికలు ప్రత్యేకం. గుంటూరు నుంచి మామయ్యగారి రైల్వే ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ తెచ్చుకున్న ఇత్తడి జంతికల గొట్టం ఉంది. డిసెంబరులో చర్చిలో జరిగే స్త్రీల సంఘం అమ్మకానికి దానితో చేసిన జంతికలు వెళతాయి, అన్నిటికంటే ముందు ఖాళీ అవుతాయి. ఆ గొట్టాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో వంటగదిలోకి వెళితే, "నీకిక్కడేం పని? ఎమ్మెస్సీ అయ్యేదాకా ఈ గడప తొక్కకు" అని తరిమేశారు. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీ అన్నారు. పీహెచ్‌డీ అయ్యేసరికి నాకు వంట నేర్చుకునే ఓపిక పోయింది. ఇప్పటికీ నేను పెట్టిన కాఫీ మా ఆయన మందు మింగినట్టు తాగుతారు.

ఆ రోజు పాఠం బట్టీ పడుతూ వంటగది గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య గొట్టంలో పిండి కూరి, నొక్కి చూశారు. చిల్లులోంచి పిండి తీగ కొస బయటికి తొంగి చూసింది. అంతే, నొక్కడం ఆపేశారు. గొట్టాన్ని జాగ్రత్తగా బాణలి మీదికి తెచ్చి, అప్పుడు మళ్ళీ నొక్కారు. తీగ తిన్నగా నూనెలోకి దిగి, గుండ్రంగా చుట్టుకుంది.

"మధ్యలో ఎందుకు ఆపారు అత్తయ్యా?" అన్నాను.

"ఆపకపోతే గట్టు మీదే సగం జంతిక కారిపోదూ? కొస కనబడగానే ఆపాలి. బాణలి మీదికి వచ్చాకే నొక్కాలి. ముందు పళ్ళెంలో నొక్కేసి తరవాత నూనెలో వేద్దామంటే ముద్దయిపోతుంది."

చేతిలో నోట్సు మూసేశాను. కణంలో జరిగేది అక్షరాలా ఇదే. ప్రోటీను ఒక పొడుగాటి తీగ. దాన్ని తయారుచేసే రైబోజోము నుంచి ఆ తీగ కొస బయటికి వస్తుంది. పొరకి వెళ్ళవలసిన ప్రోటీను అయితే ఆ కొసలోనే ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనబడగానే కణంలో తిరుగుతున్న ఒక వాహకం వచ్చి పట్టుకుంటుంది. తయారీ ఆగిపోతుంది. రైబోజోముతో సహా మొత్తాన్ని పొర దగ్గరికి తీసుకొచ్చి, అక్కడున్న ద్వారానికి అప్పగిస్తుంది. అప్పుడు తయారీ మళ్ళీ మొదలై, తీగ తిన్నగా పొరలోకి దిగుతుంది. ఇంత తతంగం ఎందుకంటే, పొరలో ఉండవలసిన ప్రోటీనుకి నూనెతోనే పొత్తు, నీళ్ళంటే పడదు. కణంలో ఉన్నదంతా నీళ్ళే. ముందే తయారుచేసి అందులో వదిలేస్తే ముద్ద కట్టేస్తుంది.

ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చిల్లుల గరిటెతో జంతికలు తిప్పుతూ విన్నారు. క్లాసులో వెనక బెంచీ పిల్లల్ని వినే పద్ధతిలో, తప్పెక్కడ దొరుకుతుందా అని.

"మరి తలుపు దాకా తెచ్చిందే, ఆవిడేమవుతుంది?"

"ఎవరు? వాహకమా? ఏమీ అవదు. అప్పగించి వెనక్కి పోతుంది, ఇంకో ప్రోటీను కోసం."

"లోపలికి రమ్మనరా?"

"అనరు."

"కాఫీ అయినా ఇవ్వరా?"

"అత్తయ్యా, అది కణం."

"ఏ కణమైతే ఏం, మర్యాద ఉండక్కర్లా?" అన్నారు, నూనె వారుస్తూ.

డెమోకి గొట్టమే పట్టుకెళ్ళాలని నిర్ణయించుకున్నాను. ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఆయన ముందు నవ్వారు, తరవాత భయపడ్డారు, చివరికి కెమిస్ట్రీ ల్యాబులో కరెంటు స్టవ్వు మీద అయితే సరేనన్నారు. పిండి కలిపే బాధ్యత అత్తయ్యది. నేను ఒక్క మార్పు చేశాను. గొట్టంలో మామూలుగా వేసే పెద్ద నక్షత్రం చిల్లు బిళ్ళ తీసేసి, డబ్బా అడుగున పడున్న ఒంటి సన్న చిల్లు బిళ్ళ పెట్టాను. ప్రోటీను తీగ అంటే అంత సన్నగా ఉండాలి కదా. అత్తయ్యకి చెబితే నూరు ప్రశ్నలు వేస్తారని చెప్పలేదు. అత్తయ్య కూడా నాకొకటి చెప్పలేదు. డెమో అయ్యాక వచ్చిన పెద్దలు ఆ జంతికలు తింటారు కదా, నువ్వులు లేని జంతికలు పెడితే మన పరువేం కాను అని, పిండిలో దోసెడు నువ్వులు ఎక్కువ వేశారు.

డెమో రోజు పొద్దున్న ఇద్దరం ఆటోలో బయల్దేరాం. నా ఒళ్ళో గొట్టం, బాణలి, లాప్‌టాప్. అత్తయ్య ఒళ్ళో తడిగుడ్డ కప్పిన పిండి గిన్నె. గుంతలో ఆటో ఎగిరినప్పుడల్లా ఆవిడ గిన్నెని పొట్టకి అదుముకున్నారు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"మేడమ్, మీరు పోండి. ఇయ్యాల ఇంటర్వ్యూకి వచ్చినోళ్ళనే లోపటికి పంపుమన్నరు. అమ్మ బయటనే ఉండాలె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు తెరిచాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు. "వాడి మీద అరిచి గొంతు పోగొట్టుకోకు, లోపల పనికొస్తుంది. ఇదిగో గిన్నె. తడిగుడ్డ తియ్యకు, ఎండిపోతుంది. నేను బస్సులో వెళ్ళిపోతాలే." గిన్నె నా చేతుల్లో పెట్టి, కొంగుతో పిండి మరకలు దులుపుకుని, వెనక్కి తిరిగి నడిచారు. నేను లోపలికి పరిగెత్తాను. ఆ క్షణంలో నా తలలో ప్రోటీను తప్ప ఇంకేమీ లేదు.

ల్యాబులో ముగ్గురు పెద్దలు స్టూళ్ళ మీద కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు స్టవ్వుకి రెండు పక్కలా ఇసుక బకెట్లు పెట్టించి, మధ్యలో తాను కూర్చున్నారు. ఆయన పక్కన మేనేజిమెంటు కార్యదర్శి, సైనిక్‌పురి నుంచి వచ్చే రిటైర్డ్ కల్నల్ గారు. ఆయన మొహం మీద కూడా ఇస్త్రీ చేసి ఉంటుంది. మూడోవారు యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు మేడమ్. ఆవిడ అప్పటికే ముగ్గురు అభ్యర్థుల నోట కొరియరు కథ విని విసిగిపోయి ఉన్నారు. నన్నూ, బాణలినీ చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

పాఠం బాగా మొదలైంది. గొట్టం రైబోజోము, నూనె పొర, నా చెయ్యి వాహకం. కొస బయటికి రాగానే ఆపాను. "చూడండి, గుర్తు కనబడింది, తయారీ ఆగింది" అంటూ బాణలి మీదికి తెచ్చాను. నొక్కాను. వేలెడు తీగ నూనెలోకి దిగింది. కల్నల్ గారు మెడ ముందుకు చాపారు. మళ్ళీ నొక్కాను.

ఏమీ రాలేదు.

గట్టిగా నొక్కాను. రాలేదు. పళ్ళు బిగించి ఒంటి బరువంతా వేసి నొక్కాను. గొట్టం మూలిగింది. కింది చిల్లులోంచి రావలసిన పిండి పై అంచు చుట్టూ పైకి పొంగి, నా మణికట్ల మీదుగా జారి, ఒక ముద్ద ఎగిరి కల్నల్ గారి బూటు మీద పడింది. ప్రిన్సిపాల్ గారు ఇసుక బకెట్టు మీద చెయ్యి వేశారు. బిళ్ళ తిప్పి చూశాను. సన్న చిల్లులో ఒక నువ్వుగింజ అడ్డంగా ఇరుక్కుని నన్నే చూస్తోంది. ప్రభువు మధ్యలో ఏ ఆటంకమూ రానియ్యకూడదని అంతమంది ఆమెన్ అన్నారు, ఆ గింజకి మాత్రం కబురందినట్టు లేదు.

నా కుర్చీ అక్కడే పోయిందని తెలిసిపోయింది. ఏడిచే కంటే మాట్లాడటం నయమని మాట్లాడాను. "కణంలో కూడా ఇలా జరుగుతుంది. ద్వారంలో సగం దిగిన ప్రోటీను ఇరుక్కుపోతే దారి మూసుకుపోతుంది, వెనకవన్నీ ఆగిపోతాయి. అందుకే ఇరుక్కున్నదాన్ని కత్తిరించి దారి తెరవడానికి కణం విడిగా ఒక కత్తెర పెట్టుకుంది. నేను తెచ్చుకోలేదు."

ప్రొఫెసరుగారు ఫక్కున నవ్వారు. లేచి వచ్చి, నా మణికట్టు మీద పిండిని వేలితో తీసి చూశారు.

"ఏందమ్మా, గిన్ని నువ్వులేసినవ్? గీ పిండి గొట్టంల దిగుతదా?"

"మా అత్తయ్య వేశారు మేడమ్."

"మంచిగేసింది. సకినాలకైతే మస్తుంటది. జెర ఒక బట్ట ఇయ్యి."

ల్యాబులో శుభ్రమైన బట్ట ఏదీ లేదు. ఆవిడ చూపు కల్నల్ గారి జేబు మీద ఆగింది. నాలుగు మడతల తెల్లటి చేతిరుమాలు బయటికి వచ్చింది, చాలా అయిష్టంగా. ప్రొఫెసరుగారు దాన్ని బల్ల మీద పరిచి, చీర కొంగు దోపుకుని, పిండి ముద్ద వేళ్ళ మధ్య తిప్పుతూ సన్నటి తాడులా మెలిపెట్టి, చుట్టు మీద చుట్టు వేసుకుంటూ పోయారు. "మా అమ్మ గిట్లనే చుట్టేది. నేను చుట్టక ఎన్నేండ్లాయెనో" అన్నారు. జంతికలకంటే సకినాలే కరకరలాడతాయని కూడా అన్నారు. ప్రిన్సిపాల్ గారు భీమవరం మనిషి, ఆ మాట పడనివ్వలేదు. కాసేపు వాళ్ళిద్దరూ ఆ సంగతి మీదే వాదించుకున్నారు. ఇంటర్వ్యూ ఎవరిదో అందరూ మర్చిపోయినట్టే ఉంది.

ఉన్నట్టుండి ప్రొఫెసరుగారు తలెత్తకుండానే అడిగారు. "సరే, అడ్రసు ముందు కొసల లేదు, తోకల ఉంది అనుకో. అప్పుడు మీ వాహకం ఏం జేస్తది?"

నేను రాత్రుళ్ళు భయపడ్డ ప్రశ్న అది. కొన్ని ప్రోటీన్లకి గుర్తు చివర ఉంటుంది. తయారీ పూర్తిగా అయిపోయి, ఆఖరి ముక్క బయటపడ్డాకే అది ఎక్కడిదో తెలుస్తుంది. అప్పటికి ఆపడానికి తయారీ లేదు. పుస్తకం భాష నోటికి రాలేదు. రుమాలు మీద సకినం కనబడింది.

"ఇదిగో, ఇలా అవుతుంది మేడమ్. మొత్తం ముందే తయారైపోయింది. ఇప్పుడు దీన్ని నూనె దాకా తీసుకెళ్ళాలి. అంచు పట్టుకుని లేపితే తెగుతుంది. కిందనుంచి ఆసరా ఇచ్చి మోసుకెళ్ళాలి. దీనికి మొదటి వాహకం పనికిరాదు, తోకని దాచిపెట్టి మోసే ఇంకో వాహకం కావాలి." ల్యాబు బల్ల మీదున్న గాజు పలకని సకినం కిందికి దూర్చి, ఎత్తి, నూనెలోకి జార్చాను. తెగలేదు. నూనెలో బుడగలు లేచి, వాము వాసన ల్యాబంతా నిండింది. అంతవరకు నోరు విప్పని కల్నల్ గారు "గుడ్" అన్నారు.

ఆ తరవాత ఆయన ఒక ప్రశ్న వేశారు, జీవశాస్త్రం మీద ఆయన జీవితంలో వేసిన ప్రశ్న బహుశా అదొక్కటే. "మొదటిది ఉందే, ద్వారం దగ్గర అప్పగించింది. దాని సంగతేంటి?"

"వెనక్కి వెళ్ళిపోతుంది సర్. అప్పగించడంతో దాని పని..." అంటూ ఆగాను. గేటు దగ్గర అత్తయ్య కొంగుతో చేతులు దులుపుకుని నడిచిపోవడం అప్పుడు కనబడింది. ఎదురుగా జరిగినప్పుడు గమనించనే లేదు. కాఫీ అయినా ఇవ్వరా అన్న మాట వినబడింది. "పని అయిపోతుంది సర్" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు చూసి ప్రిన్సిపాల్ గారు నూనె పొగ అనుకుని కిటికీలు తెరిపించారు.

కొన్ని రోజుల తరవాత ప్రిన్సిపాల్ గారే ఫోను చేసి, పోస్టు నాదేనని చెప్పారు. వంటగదిలోకి పరిగెత్తి అత్తయ్యని కావలించుకున్నాను. "దేవునికి స్తోత్రం" అని కళ్ళు తుడుచుకుని, వెంటనే, "గొట్టం ఎప్పుడు తెస్తావ్?" అన్నారు. ఆ రోజు ఇరుక్కున్న గొట్టాన్ని నేను ల్యాబు అలమరలో వదిలేసి వచ్చాను. అది లేక ఆవిడ పక్కింటి అల్యూమినియం గొట్టంతో సగం జంతికలు చేయాల్సివచ్చింది. "వాటిని జంతికలంటే దేవుడు ఒప్పుకోడు" అని ప్రార్థన కూడికలో కూడా చెప్పారు. నన్ను నమ్మి లాభం లేదని, నేను ఉద్యోగంలో చేరే రోజున తనే వచ్చి తీసుకెళతానన్నారు.

సోమవారం ఇద్దరం మళ్ళీ ఆటో ఎక్కాం. గేటు దగ్గర అదే వాచ్‌మన్. నాకు సలాం కొట్టి, అత్తయ్య వైపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"గీ అమ్మ ఎవరు మేడమ్? బయటోళ్ళని..."

"ఎవరినీ కాదు బాబూ, సామాను తీసుకెళ్ళడానికి వచ్చా. ఇక్కడే ఉంటాలే" అన్నారు అత్తయ్య, అప్పుడే వెనక్కి ఒక అడుగు వేస్తూ.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది ఈవిడే. లోపలికి వస్తారు" అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో, వాచ్‌మన్ చెయ్యి దించేశాడు.

స్టాఫ్ రూములో కిటికీ పక్కన నాకొక కుర్చీ వేశారు. అత్తయ్యని అందులో కూర్చోబెట్టి, క్యాంటీను నుంచి కాఫీ తెప్పించాను. ఆవిడ ఒక గుక్క తాగి, నీళ్ళలా ఉందని చెప్పారు. కెమిస్ట్రీ మేడమ్ వచ్చి ఎవరని అడిగితే, నన్ను చూపించి, "మా కోడలు. ఇక్కడ లెక్చరరు" అన్నారు. ఆగి, ఇంకేమైనా చెప్పాలేమో అని ఆలోచించుకున్నారు. చెప్పడానికి ఇంకేమీ లేదు.

మేడమ్ వెళ్ళాక అత్తయ్య నా వైపు వంగి రహస్యంగా అన్నారు. "గేటు దగ్గర అబద్ధమెందుకే ఆడావు? నేనెక్కడ తీసుకొచ్చాను నిన్ను, ఇద్దరం ఆటోలోనేగా వచ్చాం."